పిల్లల రక్తంలో ఇన్‌ఫెక్షన్: బ్లడ్ కల్చర్, ఇతర ల్యాబ్ పరీక్షలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలకి బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) రాసిన రోజు నుంచి ఫైనల్ రిపోర్ట్ చేతికొచ్చే దాకా తల్లిదండ్రులు మైక్రోబయాలజీ ల్యాబ్‌ని అడిగే సందేహాలు దాదాపు ఒకటే. పిల్లల వార్డులో కొత్తగా చేరిన నర్సులు అడిగేవి కూడా కొన్ని ఉంటాయి. అవన్నీ ఇక్కడ దశలవారీగా పెట్టాం. వరుసగా చదవనక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి. ఏ మందు వాడాలో, ఎప్పుడు ఆపాలో బిడ్డను చూస్తున్న డాక్టరే చెప్పాలి. ఆ నిర్ణయానికి ముందు ల్యాబ్‌లో ఏం జరుగుతుందో, అది సరిగ్గా జరగాలంటే ఏం కావాలో మాత్రమే ఈ పేజీలో ఉంది.

## డాక్టర్ పరీక్ష రాసినప్పుడు

మా బాబుకి జ్వరమే కదా, బ్లడ్ కల్చర్ ఎందుకు రాశారు?

జ్వరం వచ్చిన ప్రతి బిడ్డకీ ఈ పరీక్ష రాయరు. ఎక్కువ జ్వరాలు వైరస్‌ల వల్ల వచ్చి వాటంతట అవే తగ్గిపోతాయి. బ్యాక్టీరియా రక్తంలోకి చేరిందేమో అన్న అనుమానం ఉన్నప్పుడే కల్చర్ రాస్తారు. బిడ్డ మగతగా పడి ఉండటం, పాలు తాగకపోవడం, ఊపిరి వేగంగా తీయడం, చేతులు కాళ్లు చల్లబడటం, జ్వరం రోజుల తరబడి దిగకపోవడం అలాంటి అనుమానం కలిగించే గుర్తులు.

వయసు కూడా ముఖ్యం. నెల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వస్తే, చూడటానికి బాగానే ఉన్నా పరీక్షలు చేయాల్సిందే. ఆ వయసులో ఇన్‌ఫెక్షన్ పైకి కనిపించకుండా ముదురుతుంది. ఒక్కోసారి జ్వరం బదులు ఒళ్లు చల్లబడుతుంది. కీమోథెరపీ తీసుకుంటున్న పిల్లలకీ, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టిన గొట్టం) ఉన్న పిల్లలకీ జ్వరం వస్తే ఆలస్యం లేకుండా కల్చర్ తీస్తారు.

టీకాలన్నీ సరిగ్గా పడిన, కాస్త పెద్ద పిల్లల్లో ఈ ప్రమాదం ఇప్పుడు బాగా తగ్గింది. న్యూమోకాకల్ టీకాను మన దేశ ప్రభుత్వ కార్యక్రమంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి 2021లో దేశమంతటికీ విస్తరించారు. మెదడు పొరల జబ్బు, న్యుమోనియా తెచ్చే హిబ్ బ్యాక్టీరియాకి రక్షణ పెంటావాలెంట్ టీకాలోనే ఉంది. అందుకే డాక్టర్లు ముందుగా టీకాల కార్డు అడుగుతారు.

రక్తంలో ఇన్‌ఫెక్షన్ అంటే సెప్సిస్ అనేనా?

రెండూ ఒకటి కాదు. రక్తంలో బ్యాక్టీరియా ఉండటాన్ని బ్యాక్టీరిమియా అంటారు. ఇన్‌ఫెక్షన్‌ని ఎదుర్కొనే క్రమంలో శరీరం అదుపు తప్పి గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతినడం మొదలైతే అది సెప్సిస్. బ్యాక్టీరిమియా ఉన్న బిడ్డ సెప్సిస్‌లోకి వెళ్లకుండానే కోలుకోవచ్చు. కల్చర్‌లో ఏమీ పెరగకపోయినా సెప్సిస్ ఉండొచ్చు. సెప్సిస్‌ని గుర్తించేది బిడ్డ పరిస్థితిని చూసి. దానికి కారణమైన క్రిమి ఏదో, ఏ మందుకి లొంగుతుందో చెప్పేది కల్చర్.

సీబీపీ, సీఆర్‌పీ చేశారు కదా, అవి చాలవా?

రక్తకణాల లెక్క చూసే సీబీపీ, ఒంట్లో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్‌ని కొలిచే సీఆర్‌పీ, రెండూ ఒంట్లో ఏదో గొడవ నడుస్తోందని చెబుతాయి. ఆ గొడవ దేనివల్లో చెప్పలేవు. వైరల్ జ్వరాల్లో కూడా తెల్లకణాలు పెరగొచ్చు. తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ ఉన్న పసికందుకి కౌంట్ మామూలుగానో, తక్కువగానో ఉండొచ్చు.

సీఆర్‌పీ ఇన్‌ఫెక్షన్ మొదలైన 6 నుంచి 12 గంటల తర్వాత గానీ పెరగదు. పూర్తి స్థాయికి చేరడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. జ్వరం మొదలైన మూడు గంటలకే చేయించి, నార్మల్ వచ్చిందని ఊపిరి పీల్చుకోవడం సరికాదు. ఇలాంటిదే అయిన ప్రోకాల్సిటోనిన్ అనే మరో రక్తపరీక్ష అంకె అంతకన్నా త్వరగా పెరుగుతుంది. అయితే పుట్టిన మొదటి రెండు రోజుల్లో ఆరోగ్యంగా ఉన్న బిడ్డలో కూడా అది సహజంగానే ఎక్కువగా ఉంటుంది, కాబట్టి ఆ రోజుల్లో అంకెను బిడ్డ వయసు గంటల్లో లెక్కవేసి చదవాలి. ఈ పరీక్షలు ఒక్కసారి చేసినప్పటి కన్నా, మళ్లీ చేసి పెరుగుతోందా తగ్గుతోందా చూసినప్పుడే ఎక్కువ ఉపయోగం. క్రిమి పేరు, మందు పేరు మాత్రం వీటిలో రావు.

ముందు యాంటీబయాటిక్ వాడి చూసి, తగ్గకపోతే కల్చర్ చేయించకూడదా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. కల్చర్ అంటే బతికున్న బ్యాక్టీరియాని బాటిల్‌లో పెంచడం. ఒక్క డోసు యాంటీబయాటిక్ పడినా రక్తంలోని క్రిములు చాలావరకు చావొచ్చు, లేదా పెరగలేని స్థితికి చేరొచ్చు. ఇన్‌ఫెక్షన్ మాత్రం ఎముకలోనో, గుండె కవాటంలోనో, మెదడు పొరల్లోనో మిగిలే ఉంటుంది. అప్పుడు రిపోర్ట్ నెగెటివ్ వస్తుంది, జ్వరం మళ్లీ తిరగబెడుతుంది, ఏ మందు మార్చాలో ఎవరికీ తెలియదు.

అందుకని ముందు రక్తం తీయాలి, వెంటనే మందు మొదలుపెట్టాలి. ఈ రెండింటి మధ్య నిమిషాలే పట్టాలి గానీ గంటలు కాదు. బిడ్డ షాక్‌లో (రక్తప్రసరణ పడిపోయిన స్థితిలో) ఉండి నరం దొరకకపోతే మందు ఆపకూడదు. ముందు ప్రాణం నిలబెట్టి, వీలైనంత త్వరగా రక్తం తీస్తారు.

బయట ఇప్పటికే రెండు మూడు డోసులు ఇప్పించాం. ఇక కల్చర్ వేస్టేనా?

వేస్ట్ కాదు. క్రిమి దొరికే అవకాశం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఇప్పటి కల్చర్ బాటిళ్లలో కొన్నింట్లో రెసిన్ గుళికలు ఉంటాయి. రక్తంతో పాటు వచ్చిన యాంటీబయాటిక్‌ని అవి కొంతవరకు పీల్చేస్తాయి. మందుకి లొంగని క్రిమి అయితే డోసులు పడినా పెరుగుతుంది, నిజానికి మనకి తెలియాల్సింది కూడా దాని గురించే.

మీరు చేయాల్సింది ఒకటుంది. ఏ మందు, ఎన్ని డోసులు, చివరి డోసు ఎప్పుడు అన్నది దాచకుండా చెప్పండి. చీటీ లేకపోతే ఖాళీ సీసా, స్ట్రిప్ తెచ్చి చూపించండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించామని చెబితే తిడతారని చాలామంది దాస్తారు. ఆ సమాచారం లేకపోతే నెగెటివ్ రిపోర్ట్‌ని తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

జ్వరం బాగా ఎక్కినప్పుడే రక్తం తీయాలా?

అక్కర్లేదు. బ్యాక్టీరియా రక్తంలోకి చేరాక కాసేపటికి వణుకు, జ్వరం వస్తాయి. జ్వరం పీక్‌లో ఉన్నప్పుడు తీస్తే ఎక్కువ దొరుకుతాయన్నది రుజువు కాలేదు. ఎంత రక్తం తీశారన్నది జ్వరం డిగ్రీల కన్నా చాలా ముఖ్యం.

పరీక్షకి ముందు పాలు పట్టొచ్చా?

పట్టొచ్చు. పరగడుపున ఉండాల్సిన అవసరం లేదు. కడుపునిండా పాలు తాగి ఒళ్లు వెచ్చగా ఉన్న పసిబిడ్డకి నరం కూడా కాస్త తేలిగ్గా దొరుకుతుంది.

## రక్తం తీసేటప్పుడు

ఇంత చిన్న పాపకి అంత రక్తం తీస్తున్నారు. రక్తం తగ్గిపోదా?

ఈ భయం సహజం. అంకెలు చూస్తే కాస్త ధైర్యం వస్తుంది. పిల్లల ఒంట్లో కిలోకి సుమారు 75 నుంచి 85 మి.లీ. రక్తం ఉంటుంది. 3 కిలోల పసిబిడ్డకి దాదాపు 250 మి.లీ. అందులోంచి 1 మి.లీ. తీయడం అంటే అర శాతం కూడా కాదు. 10 కిలోల పాపకి 6 మి.లీ. తీసినా ఒక శాతం లోపే.

అంత ఎందుకంటే, పిల్లల రక్తంలో బ్యాక్టీరియా చాలా పలచగా ఉండొచ్చు. ఒక మి.లీ.లో పది లోపు, ఒక్కోసారి ఒకటి కూడా ఉండదు. పెద్ద చెరువులో నాలుగే చేపలుంటే గ్లాసుడు నీళ్లు ముంచి చేపల్లేవని చెప్పలేం కదా. అర మి.లీ.తో చేసిన కల్చర్ నెగెటివ్ వస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో ల్యాబ్ కూడా చెప్పలేదు. జాలిపడి తక్కువ తీస్తే, రెండు రోజుల తర్వాత మళ్లీ సూది గుచ్చాల్సి వస్తుంది. అప్పటికి యాంటీబయాటిక్ కూడా పడి ఉంటుంది.

ఏ బరువుకి ఎన్ని మి.లీ. తీయాలి?

ఇది ఎక్కువగా నర్సులు అడిగే ప్రశ్న. అమెరికాలోని ఇన్‌ఫెక్షస్ డిసీజెస్ సొసైటీ, మైక్రోబయాలజీ సొసైటీ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో మొత్తం కల్చర్ రక్తం ఇలా ఉంది: కిలో లోపు బిడ్డకి 2 మి.లీ., 1 నుంచి 2 కిలోలకి 4 మి.లీ., అక్కడి నుంచి సుమారు 12 కిలోల దాకా 6 మి.లీ., 13 నుంచి 36 కిలోల దాకా 20 మి.లీ., ఆపైన పెద్దవాళ్లలాగే. కిలో లోపు బిడ్డకి తప్ప మిగతా అందరికీ ఇది రెండు కల్చర్లకి కలిపి.

మన వార్డుల్లో ప్రతిసారీ అంత కుదరదు. కానీ పసికందుకైనా 1 మి.లీ.కి తగ్గకుండా చూడాలి. పిల్లల బాటిల్ తక్కువ రక్తం కోసమే తయారైంది. బాటిల్ మీద రాసిన గరిష్ఠ పరిమితి దాటి పోయకూడదు. ఎనిమిది పదేళ్ల పిల్లలకి పిల్లల బాటిల్‌లో 1 మి.లీ. వేసి పంపడం చాలాచోట్ల అలవాటుగా జరుగుతోంది. అది మారాలి, ఆ వయసుకి పెద్దల బాటిల్ వాడొచ్చు.

ఒకే సిరంజితో అన్ని పరీక్షలకీ తీస్తే ముందు కల్చర్ బాటిల్ నింపి, ఆ తర్వాతే సీబీపీ ట్యూబు నింపండి. తీసిన టైము, తీసిన చోటు లేబుల్ మీద రాయండి. బార్‌కోడ్ మీద స్టిక్కర్ అతికిస్తే మెషిన్ చదవలేదు.

రెండు చోట్ల ఎందుకు గుచ్చుతున్నారు?

రక్తం ఎక్కువ దొరుకుతుందన్నది ఒక కారణం. అసలు కారణం వేరే. చర్మం మీద మామూలుగా ఉండే క్రిమి ఒక్కోసారి సూదితో పాటు బాటిల్‌లోకి వెళ్తుంది. రెండు చోట్ల తీసిన బాటిళ్లలోనూ అదే క్రిమి పెరిగితే నిజమైన ఇన్‌ఫెక్షన్ అనుకోవచ్చు. ఒక్కదాంట్లోనే పెరిగితే చర్మం మీద నుంచి వచ్చిందేమో అని ఆలోచిస్తారు. అనవసరంగా పది రోజులు ఇంజెక్షన్లు చేయించుకోవడం కన్నా రెండోసారి సూది గుచ్చించుకోవడమే నయం. నెలలు నిండని బిడ్డల్లో రెండుసార్లు కుదరకపోతే, ఒకేచోట తగినంత రక్తం తీయడానికి ప్రాధాన్యం ఇస్తారు.

చేతికి కాన్యులా ఉంది కదా, దాంట్లోంచే తీసుకోవచ్చు కదా?

ముందురోజు పెట్టిన కాన్యులా (నరంలో ఉంచే చిన్న ప్లాస్టిక్ గొట్టం) లోంచి తీయకూడదు. దాని లోపలి గోడలకి చర్మపు క్రిములు అంటుకుని ఉండొచ్చు. అప్పుడే శుభ్రంగా పెడుతున్న కొత్త కాన్యులా నుంచి పిల్లల్లో తీస్తుంటారు. విడిగా సూదితో తీయడం అంతకన్నా మంచిది.

సెంట్రల్ లైన్ ఉన్న పిల్లల్లో పద్ధతి వేరు. లైన్ నుంచి ఒక బాటిల్, చేతి నరం నుంచి ఒక బాటిల్, ఒకే సమయంలో, సమానమైన రక్తంతో తీస్తారు. లైన్ బాటిల్ రెండో దానికన్నా 2 గంటలు లేదా అంతకన్నా ముందు పాజిటివ్ అయితే ఇన్‌ఫెక్షన్‌కి మూలం లైనే అనుకోవచ్చు. అప్పుడు దాన్ని తీసేయాలా అన్న చర్చ వస్తుంది.

చర్మం తుడిచాక వెంటనే తీయకుండా ఎందుకు ఆగుతారు?

మందు ఆరేటప్పుడే క్రిములు చస్తాయి. స్పిరిట్‌లో కలిపిన క్లోర్‌హెక్సిడిన్‌కి సుమారు అర నిమిషం, పోవిడోన్ అయోడిన్‌కి ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు కావాలి. తుడిచాక నరం ఎక్కడుందో అని మళ్లీ వేలితో తడిమితే ఆ పనంతా వృథా. బాటిల్ రబ్బరు మూతని కూడా స్పిరిట్‌తో తుడవాలి, ప్లాస్టిక్ క్యాప్ కింద అది స్టెరైల్‌గా ఉండదు. రెండు నెలల లోపు బిడ్డల చర్మం పలచగా ఉంటుంది కాబట్టి క్లోర్‌హెక్సిడిన్ జాగ్రత్తగా వాడతారు, అయోడిన్ వాడితే తర్వాత తుడిచేస్తారు.

మడమ మీద గుచ్చి తీయకూడదా?

షుగర్, కామెర్ల పరీక్షకి సరిపోతుంది. కల్చర్‌కి పనికిరాదు. చుక్కలు చర్మం మీదుగా కారతాయి, కావలసినంత రక్తమూ రాదు.

రాత్రి తీసిన బాటిల్ ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున పంపొచ్చా?

ఫ్రిజ్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. చలికి కొన్ని బ్యాక్టీరియా పెరగడం మానేస్తాయి, కొన్ని చస్తాయి. బాటిల్‌ని గది ఉష్ణోగ్రతలోనే ఉంచి, వీలైతే 2 గంటల్లో ల్యాబ్‌కి చేర్చాలి. చిన్న ఊళ్ల నర్సింగ్ హోమ్‌ల నుంచి బస్సులోనో, కొరియర్‌లోనో సిటీ ల్యాబ్‌కి పంపేటప్పుడు ఐస్ బాక్స్‌లో పెట్టేస్తుంటారు. మిగతా శాంపిళ్లతో కలిపి పంపడమే దీనికి కారణం. కల్చర్ బాటిల్‌ని విడిగా, ఐస్ లేకుండా పంపమని అడగండి. మండువేసవిలో ఎండ తగిలేచోట కూడా పెట్టకూడదు.

## బాటిల్ ల్యాబ్‌కి చేరాక

మెషిన్‌లో బాటిల్‌ని ఏం చేస్తారు?

బాటిల్‌లో బ్యాక్టీరియాకి ఆహారమైన ద్రవం ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి ఎస్‌పీఎస్ అనే రసాయనం కూడా ఉంటుంది. మెషిన్ దాన్ని దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి కదుపుతూ ఉంటుంది. బ్యాక్టీరియా పెరిగేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. బాటిల్ అడుగున ఉన్న సెన్సర్ దానికి స్పందిస్తుంది. బాక్ట్-అలర్ట్ మెషిన్లలో అది పసుపు రంగుకి మారుతుంది, బాక్టెక్‌లో దాని మెరుపు పెరుగుతుంది. మెషిన్ ప్రతి 10 నిమిషాలకి ఒకసారి చూస్తూ, గ్యాస్ పెరుగుతున్న తీరు అనుమానంగా ఉంటే అలారం కొడుతుంది. అర్ధరాత్రి మోగినా అప్పుడే చూడటానికి మనిషి ఉన్న ల్యాబ్‌కీ, పొద్దున తొమ్మిదింటి దాకా వదిలేసే ల్యాబ్‌కీ చాలా తేడా ఉంటుంది.

అలారం మోగాక క్రిమి పేరు ఎప్పుడు తెలుస్తుంది?

మొదట గ్రామ్ స్టెయిన్ చేస్తారు. 1884లో డెన్మార్క్ డాక్టర్ హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ బయటపెట్టిన ఈ రంగు పరీక్ష ఈ రోజుకీ అన్నిటికన్నా ముందొచ్చే కబురు. ఊదా రంగులో గుండ్రటి క్రిములు గుంపులుగా కనిపిస్తే స్టెఫైలోకాకస్ కావొచ్చు. గులాబీ రంగు కడ్డీలైతే ఈ.కోలై, క్లెబ్సియెల్లా వంటివి కావొచ్చు. ల్యాబ్ డాక్టర్ ఈ సంగతి వార్డుకి వెంటనే ఫోన్ చేసి చెప్పాలి. చాలాసార్లు మందు మార్చేది ఈ ఫోన్ తర్వాతే.

అదే సమయంలో బాటిల్‌లోంచి కొంచెం తీసి బ్లడ్ అగార్, మెకాంకీ అగార్ వంటి ప్లేట్ల మీద పూస్తారు. మర్నాటికి క్రిములు చుక్కల్లా పెరుగుతాయి. మాల్డి-టాఫ్ మెషిన్ ఉంటే, లేజర్‌తో ఆ క్రిమి ప్రొటీన్ల బరువుల నమూనా చూసి నిమిషాల్లో పేరు చెప్పేస్తుంది. లేకపోతే రసాయన పరీక్షలకి మరో రోజు కావొచ్చు. ఏ మందుకి లొంగుతుందో తెలిపే సెన్సిటివిటీకి మామూలుగా ఇంకో 16 నుంచి 24 గంటలు. పాజిటివ్ బాటిల్ నుంచి నేరుగా ప్లేట్ మీద పూసి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెట్టి 4, 6, 8 గంటలకే చదివే పద్ధతిని యూరప్ సంస్థ యూకాస్ట్ ప్రమాణీకరించింది. పెద్ద ఖర్చు లేని పద్ధతి ఇది, మన ల్యాబుల్లో ఇంకా ఎక్కువగా రావాలి.

5 రోజులు ఎందుకు? అప్పటిదాకా పాప పరిస్థితి ఏంటి?

వైద్యం రిపోర్ట్ కోసం ఆగదు. అనుమానం ఉన్న క్రిములకి సరిపోయే యాంటీబయాటిక్ రక్తం తీసిన వెంటనే మొదలవుతుంది.

పాజిటివ్ అయ్యే బాటిళ్లు కూడా ఐదో రోజు దాకా ఆగవు. పిల్లల్లో నిజమైన ఇన్‌ఫెక్షన్ తెచ్చే క్రిములు చాలావరకు మొదటి 24 నుంచి 36 గంటల్లోనే పెరుగుతాయి. 5 రోజులు ఉంచేది నెమ్మదిగా పెరిగేవాటిని వదలకూడదని. అందుకే 24, 48 గంటలకి మధ్యంతర రిపోర్ట్ ఇస్తారు, డాక్టర్ నిర్ణయాలు దాని మీదే నడుస్తాయి. పచ్చిపాలు తాగడం, మేకలు, గేదెల మధ్య పెరగడం లాంటివి ఉండి బ్రూసెల్లా అనుమానిస్తే ఆ మాట ల్యాబ్‌కి ముందే చెప్పాలి. అలాంటి బాటిల్‌ని ఎక్కువ రోజులు ఉంచుతారు. పైగా అది ల్యాబ్ సిబ్బందికి సోకే క్రిమి.

మా ఊరి ల్యాబ్‌లో మెషిన్ లేదు. చేతితో చేసే కల్చర్ పనికొస్తుందా?

పనికొస్తుంది, సమయం ఎక్కువ పడుతుంది. బాటిల్‌ని ఇంక్యుబేటర్‌లో పెట్టి రోజూ మబ్బుగా మారిందా, బుడగలు వచ్చాయా అని చూస్తారు. కంటికి ఏమీ కనిపించకపోయినా మొదటి రెండు రోజుల్లో ప్లేట్ మీద పూసి చూడాలి. 7 రోజుల దాకా ఉంచాలి.

గంటలో తేల్చే పీసీఆర్ పరీక్ష ఉందట, అదే చేయించొచ్చు కదా?

పీసీఆర్ క్రిమి జన్యువులని వెతికే పరీక్ష. ఒకేసారి చాలా క్రిములని వెతికే ఇలాంటి పరీక్షల్ని ప్యానెళ్లు అంటారు. వాటిలో చాలావరకు రక్తం మీద నేరుగా పనిచేయవు, పాజిటివ్ అయిన బాటిల్ మీద పనిచేస్తాయి. ఉదాహరణకి బయోఫైర్ బీసీఐడీ2 ప్యానెల్ దాదాపు ఒక గంటలో 43 లక్ష్యాలని వెతుకుతుంది. అందులో క్రిముల పేర్లతో పాటు మెక్-ఏ, ఎన్‌డీఎం, ఆక్సా-48 వంటి, క్రిమిని మందులకి లొంగకుండా చేసే జన్యువులూ ఉంటాయి. ఐసీయూలో ఉన్న బిడ్డకి ఒక రోజు ముందే సరైన మందు అందడం చిన్న విషయం కాదు.

దాని పరిమితి ఏమిటంటే, జాబితాలో లేని క్రిమిని చూడలేదు. జన్యువు లేదని వస్తే మందు తప్పకుండా పనిచేస్తుందని కూడా కాదు. ఖర్చు ఎక్కువ. కల్చర్‌కి తోడుగా చేయించాలి గానీ కల్చర్ బదులు కాదు.

## రిపోర్ట్ చేతికొచ్చాక

"48 గంటల తర్వాత నో గ్రోత్" అని వచ్చింది. ఇన్‌ఫెక్షన్ లేనట్టేనా?

తగినంత రక్తం తీసి, మందుకి ముందే తీసి ఉంటే, ఇది చాలా మంచి వార్త. అనుమానంతో మందు మొదలుపెట్టిన పసికందు బాగా ఉంటే, 36 నుంచి 48 గంటల నెగెటివ్ రిపోర్ట్ చూసి చాలామంది డాక్టర్లు యాంటీబయాటిక్ ఆపేస్తారు. దాన్ని నిర్లక్ష్యం అనుకోకండి. అవసరం లేని మందు ఆపడం బిడ్డకి మేలు.

రక్తం కొంచెమే తీసినా, ముందే మందులు పడినా, న్యుమోనియా లాగా ఇన్‌ఫెక్షన్ ఒకేచోట ఉన్నా రిపోర్ట్ నెగెటివ్ రావొచ్చు. అప్పుడు బిడ్డ పరిస్థితిని బట్టి మందు కొనసాగిస్తారు.

కల్చర్ నెగెటివ్, జ్వరం మాత్రం వారం నుంచి తగ్గట్లేదు. ఇంకేం చూడాలి?

కల్చర్ బాటిల్‌లో ఎప్పటికీ పెరగని జ్వరాలు ఉన్నాయి. మన తెలుగు రాష్ట్రాల్లో ముందుగా గుర్తుకు రావాల్సింది చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్. దీన్ని తెచ్చే ఓరియెన్షియా సుత్సుగముషి కణాల లోపలే పెరుగుతుంది కాబట్టి ఐజీఎం ఎలైజా (యాంటీబాడీలని చూసే రక్తపరీక్ష) లేదా పీసీఆర్ కావాలి. చంకలు, గజ్జలు, చెవి వెనక, జుట్టులో నల్లటి పొక్కు ఉందేమో బట్టలు తీసి వెతకాలి. అది దొరికితే సగం జవాబు దొరికినట్టే. మలేరియాకి స్మియర్, డెంగీకి మొదటి రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష, దీర్ఘంగా సాగే జ్వరానికి టీబీ పరీక్షలు వేరుగా చేయాలి. రక్తనాళాలు వాచే కవాసాకి జబ్బు లాంటివి ఇన్‌ఫెక్షన్లే కావు.

రిపోర్ట్‌లో "కోయాగ్యులేజ్ నెగెటివ్ స్టెఫైలోకాకస్" అని ఉంది. డాక్టర్ పట్టించుకోవట్లేదు. ఎందుకు?

అది అందరి చర్మం మీదా ఉండే క్రిమి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లల్లో, ఒక్క బాటిల్‌లో, రెండో రోజో మూడో రోజో పెరిగితే అది దాదాపుగా సూదితో పాటు వచ్చిందే. డిఫ్తెరాయిడ్లు, మైక్రోకాకస్, బాసిల్లస్ కూడా చాలావరకు అంతే. ఇలాంటి కలుషితమైన బాటిళ్లు 3 శాతం దాటకుండా చూసుకోవాలన్నది ఆసుపత్రులు పాటించే లెక్క.

కానీ అదే క్రిమి నెలలు నిండని బిడ్డలో, సెంట్రల్ లైన్ ఉన్న బిడ్డలో నిజమైన ఇన్‌ఫెక్షన్ తేగలదు. రెండు బాటిళ్లలో పెరగడం, త్వరగా పెరగడం, బిడ్డ నలతగా ఉండటం చూసి తేలుస్తారు. స్టెఫైలోకాకస్ ఆరియస్, ఈ.కోలై, క్లెబ్సియెల్లా, న్యూమోకాకస్, సాల్మొనెల్లా, క్యాండిడా అనే ఫంగస్ మాత్రం ఒక్క బాటిల్‌లో వచ్చినా నిజమైనవిగానే చూడాలి.

ఎస్, ఐ, ఆర్ అంటే ఏంటి? ఎంఐసీ తక్కువ ఉన్న మందే మంచిదా?

ఎస్ అంటే మామూలు మోతాదులో పనిచేస్తుంది. ఆర్ అంటే పనిచేయదు. ఐ వస్తే మోతాదు పెంచి ఇస్తేనో, ఆ మందు బాగా చేరే అవయవంలోనో పనిచేయొచ్చు.

ఎంఐసీ అంటే క్రిమి పెరుగుదలని ఆపగలిగిన అతి తక్కువ మందు గాఢత. ఒక మందుకి 0.25, ఇంకో మందుకి 1 ఉంటే మొదటిదే బలమైనదని చాలామంది అనుకుంటారు. ఇది తప్పు. ప్రతి మందుకీ దాని హద్దు వేరు. ఒక మందు అంకెను అదే మందు హద్దుతోనే పోల్చాలి. పైగా ఎస్ వచ్చిన ప్రతిదీ ఇవ్వగలిగింది కాదు. కొన్ని మందులు మెదడుకి చేరవు, కొన్ని పసికందులకి పడవు. టైఫాయిడ్ క్రిమి జెంటామైసిన్‌కి ల్యాబ్‌లో లొంగినట్టు కనిపిస్తుంది, ఒంట్లో మాత్రం ఆ మందు పనిచేయదు, ఎందుకంటే క్రిమి కణాల లోపల దాక్కుని ఉంటుంది. రిపోర్ట్ చూసి షాపులో మందు కొనకండి.

ఈఎస్‌బీఎల్, ఎంఆర్‌ఎస్‌ఏ, సీఆర్‌ఈ అని రాసి ఉంది. టెన్షన్ పడాలా?

ఇవి మందులకి లొంగని రకాలు. ఈఎస్‌బీఎల్ ఉన్న క్రిమికి సెఫ్ట్రియాక్సోన్ వంటివి పనిచేయవు. ఎంఆర్‌ఎస్‌ఏకి క్లోక్సాసిల్లిన్, సెఫాజోలిన్ వంటివి పనిచేయవు. సీఆర్‌ఈకి మెరోపెనెమ్ కూడా సాధారణంగా పనిచేయదు కాబట్టి అది అన్నిటికన్నా కష్టం. అయినా వైద్యం ఉంది. రిపోర్ట్ వచ్చింది కాబట్టే పనిచేయని మందుతో రోజులు పోకుండా ఆగాయి. బిడ్డ దగ్గర ఉండేవాళ్లు ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు శుభ్రం చేసుకోవాలి, పక్క మంచం పిల్లలకి కూడా అదే రక్షణ.

బాగానే ఉన్నాడు కదా, మళ్లీ కల్చర్ ఎందుకు?

స్టెఫైలోకాకస్ ఆరియస్, క్యాండిడా విషయంలో రక్తం శుభ్రపడిందని రుజువు కావాలి. మందు ఎన్ని రోజులు ఇవ్వాలన్న లెక్క మొదటి నెగెటివ్ కల్చర్ రోజు నుంచి మొదలవుతుంది. మళ్లీ పాజిటివ్ వస్తే గుండెలోనో, ఎముకలోనో మూలం ఉందేమో వెతుకుతారు.

## పసికందులు, టైఫాయిడ్

పుట్టి రెండు రోజులే అయింది. అప్పుడే రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ ఎలా వచ్చింది?

ఉమ్మనీరు ముందే పోవడం, తల్లికి జ్వరం, నెలలు నిండకపోవడం కారణాలు కావొచ్చు. మన దేశంలో ఆసుపత్రి వాతావరణంలోని క్రిములు కూడా మొదటి రోజుల్లోనే సోకుతున్నాయి. ఢిల్లీలో 3 పెద్ద ఆసుపత్రుల్లో 13,530 మంది పసికందులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కల్చర్‌లో దొరికిన క్రిముల్లో ఎసినెటోబాక్టర్ 22 శాతం, క్లెబ్సియెల్లా 17 శాతం, ఈ.కోలై 14 శాతం. ఆ ఎసినెటోబాక్టర్‌లో 82 శాతం అనేక మందులకి లొంగనివి. పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో మొదట కనిపించే గ్రూప్-బి స్ట్రెప్టోకాకస్ ఇక్కడ ముందు వరుసలో లేదు. అందుకే మన పసికందుల వార్డుల్లో కల్చర్ లేకుండా అంచనాతో మందు ఇవ్వడం చాలా ప్రమాదం. పసికందుకి రక్తంతో పాటు వెన్నులోంచి నీరు తీసి చూడమంటే ఒప్పుకోండి. మెదడు పొరలకి ఇన్‌ఫెక్షన్ చేరితే మందు మోతాదు, రోజులు రెండూ మారతాయి.

విడాల్ పాజిటివ్ వచ్చింది. టైఫాయిడేనా?

ఒక్క విడాల్‌తో అలా చెప్పలేం. 1896 నాటి ఈ పరీక్ష క్రిమిని కాదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారు చేసిన యాంటీబాడీలని చూస్తుంది. టైఫాయిడ్ ఎక్కువగా ఉండే మన ప్రాంతాల్లో ఆరోగ్యవంతుల్లో కూడా కొంత యాంటీబాడీ ఉంటుంది. మలేరియా, డెంగీ వంటి వేరే జ్వరాల్లో కూడా పాజిటివ్ రావొచ్చు. మొదటి వారంలో అసలు టైఫాయిడ్ ఉన్నా నెగెటివ్ రావొచ్చు. పిల్లల జ్వరాల్లో ఇంత గందరగోళం తెచ్చిన పరీక్ష ఇంకొకటి లేదనిపిస్తుంది. రెండో రోజు విడాల్ చూసి రెండు వారాల మందులు వాడిన పిల్లలు ఎంతోమంది.

మొదటి వారంలో, మందుకి ముందు తీసిన బ్లడ్ కల్చరే నమ్మదగిన దారి. అది కూడా సుమారు 60 శాతం కేసులనే పట్టుకుంటుంది, ఎందుకంటే ఈ జబ్బులో రక్తంలో క్రిములు మరీ తక్కువ. అయినా క్రిమి దొరికితే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ వర్గానికి లొంగని టైఫాయిడ్ మన దేశంలో ఇప్పుడు మామూలైపోయింది కాబట్టి ఇది అవసరం.

టైఫాయిడ్ టీకా వేయించాం. దానివల్ల విడాల్ పాజిటివ్ వస్తుందా?

ఇప్పుడు పిల్లలకి వేసే కాంజుగేట్ టీకా వల్ల సాధారణంగా రాదు. విడాల్ చూసేది ఓ, హెచ్ అనే రకాల యాంటీబాడీలని, ఈ టీకా తయారు చేయించేది వీఐ అనే వేరే రకాన్ని. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారు చేసిన టైప్‌బార్ టీసీవీ 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ పొందిన మొదటి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా. టీకా వేసినా జబ్బు రాదని పూర్తి హామీ లేదు, కాబట్టి జ్వరం సాగితే కల్చర్ చేయించాలి.

ఫంగస్ కూడా ఇదే బాటిల్‌లో తెలుస్తుందా?

క్యాండిడా చాలావరకు మామూలు బాటిల్‌లోనే పెరుగుతుంది. అయితే లోతైన క్యాండిడా ఇన్‌ఫెక్షన్లలో దాదాపు సగం కల్చర్‌కి దొరకవు. అనుమానం బలంగా ఉన్నప్పుడు మళ్లీ మళ్లీ తీస్తారు, రక్తంలో ఫంగస్ గోడ పదార్థాన్ని వెతికే బీటా-డి-గ్లూకాన్ వంటి పరీక్షలు జోడిస్తారు.

రిపోర్ట్ రాకముందే వేరే ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం, లేదా డిశ్చార్జ్ చేశారు. ఏం చేయాలి?

శాంపిల్ నంబర్, రక్తం తీసిన తేదీ, టైము, ల్యాబ్ ఫోన్ నంబర్ ఒక కాగితం మీద రాయించుకోండి. రక్తం తీసే ముందు ఏ మందులు పడ్డాయో డిశ్చార్జ్ షీట్‌లో రాయమని అడగండి. ల్యాబ్‌లో మీ పనిచేసే ఫోన్ నంబర్ ఇవ్వండి. మీరు ఇంటికెళ్లాక నాలుగో రోజు బాటిల్ పాజిటివ్ అయితే ల్యాబ్ ఫోన్ చేయాల్సింది మీకే. కొత్త ఆసుపత్రిలో మళ్లీ కల్చర్ తీసినా పాత రిపోర్ట్ వదిలేయొద్దు. మందులు పడకముందు తీసిన బాటిల్ అదే కాబట్టి క్రిమి దొరికే అవకాశం దాంట్లోనే ఎక్కువ. ఐదో రోజు ఫైనల్ రిపోర్ట్ తీసుకుని, నెగెటివ్ అయినా సరే, పాప ఫైల్లో పెట్టండి.